గాల్వో మోటార్‌ని ఆర్డుయినో పిన్నుకి నేరుగా కలపకండి

గాల్వో అంటే లేజర్ కిరణాన్ని మళ్లించే చిన్న అద్దాన్ని వేగంగా తిప్పే మోటార్. లేజర్ షో ప్రాజెక్టులు చేసే ఇంజినీరింగ్ విద్యార్థుల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. "గాల్వో కూడా మోటారే. దానికి డ్రైవర్ బోర్డు, ప్లస్ మైనస్ 15 వోల్టుల సప్లై కొనడం డబ్బు దండగ. ఆర్డుయినో ఊనోలో 5 వోల్టులు, రెండు పీడబ్ల్యూఎం పిన్నులు చాలు" అన్నది దాని సారాంశం. (ఊనో అంటే ప్రోగ్రాం చేసుకునే చిన్న కంట్రోలర్ బోర్డు. పీడబ్ల్యూఎం అంటే పిన్నుని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ సగటు వోల్టేజీని మార్చే పద్ధతి.) ఇది నమ్మిన ఒక సెకండియర్ అబ్బాయి పోయిన నెల మాడిపోయిన ఊనో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బుతో కొన్న బోర్డు అది. అందుకే ఈ సలహాలో ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు కరెంటు సంగతి. ఊనోలోని ఏటీమెగా 328పీ చిప్‌లో ఒక్కో పిన్ను 40 మిల్లీఆంపియర్లు దాటితే దెబ్బతింటుంది. 20 లోపు ఉంచడం క్షేమం. గాల్వో కాయిల్ రెసిస్టెన్స్ కొద్ది ఓములే ఉంటుంది. 2 ఓములు అనుకున్నా 5 వోల్టులకి రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. పిన్ను వరకూ అది షార్ట్ సర్క్యూట్ కిందే లెక్క.

"సరే, మధ్యలో మోటార్లకి ఎక్కువ కరెంటు ఇచ్చే ఎల్298 మాడ్యూల్ పెడతాం" అంటారు. అసలు పొరపాటు ఇక్కడే ఉంది. గాల్వోకి ఇచ్చే కరెంటు అద్దాన్ని తిప్పే బలం మాత్రమే, అద్దం ఏ కోణంలో ఆగాలో అది చెప్పదు. స్థిరంగా కరెంటు ఇస్తే అద్దం ఒక పక్కకి పోయి చివర కొట్టుకుంటుంది. అందుకే మోటార్ వెనక భాగంలో పొజిషన్ సెన్సర్ ఉంటుంది. డ్రైవర్ బోర్డు ఆ సెన్సర్‌ని చూస్తూ, మనం అడిగిన కోణానికీ అద్దం ఉన్న కోణానికీ తేడా లెక్కగట్టి, ఆ తేడా పోయేదాకా కరెంటుని సరిదిద్దుతూనే ఉంటుంది. వేగంగా వస్తున్న అద్దానికి సరైన సమయంలో బ్రేకు వేసేదీ అదే. బోర్డు మీది చిన్న ట్రిమ్‌పాట్లు (స్క్రూలాగా తిప్పే చిన్న రెసిస్టర్లు) ఈ సర్దుబాటు కోసమే, తెలియకుండా తిప్పొద్దు. అద్దం ఒక డిగ్రీ తిరిగితే కిరణం రెండు డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి చిన్న తప్పు కూడా గోడ మీద రెట్టింపై కనిపిస్తుంది.

ఇక పీడబ్ల్యూఎం. ఊనోలో అనలాగ్‌రైట్ కమాండ్ ఇచ్చే పల్సులు చాలా పిన్నుల్లో సెకనుకి సుమారు 490. అంటే ఒక్కో పల్సుకి 2 మిల్లీసెకన్లు. 20కె గాల్వో సెట్ సెకనుకి 20,000 పాయింట్లు గీయాలి, ఒక్కో పాయింటుకి 50 మైక్రోసెకన్లే. ఒక పల్సు పూర్తయ్యేలోగా 40 పాయింట్లు దాటిపోతాయి. ఫిల్టర్ లేకుండా ఆ పల్సుల్ని డ్రైవర్‌కి ఇస్తే అద్దం ఆ చివరికీ ఈ చివరికీ కొట్టుకుంటూ మోటార్ వేడెక్కుతుంది. రెసిస్టర్, కెపాసిటర్ పెట్టి నునుపు చేస్తే మూలలన్నీ అరిగిపోయి చదరం గుండ్రమవుతుంది. పల్సుల వేగాన్ని నిర్ణయించే టైమర్ 1 ని మార్చి 62.5 కిలోహెర్ట్జ్‌కి పెంచవచ్చు, నిజమే. అప్పుడు వోల్టేజీలో 256 మెట్లే దొరుకుతాయి. నెమ్మదిగా తిరిగే వలయాలకి అది సరిపోతుంది, అక్షరాలు రాయడానికి చాలదు.

చేయాల్సింది పెద్ద ఖర్చేమీ కాదు. ఎంసీపీ 4922 అనే 12 బిట్ల డీఏసీ (అంకెల్ని వోల్టేజీగా మార్చే) చిప్ తీసుకోండి. రెండు ఛానెళ్లు ఉంటాయి, ఒకటి ఎక్స్‌కి, ఒకటి వైకి. ఎస్‌పీఐ అనే వైర్ల కనెక్షన్ ద్వారా ఊనో దానితో మాట్లాడుతుంది. దాని నుంచి వచ్చే 0 నుంచి 5 వోల్టుల్ని సిగ్నల్‌ని పెంచే టీఎల్ 072 లాంటి ఆప్-ఆంప్‌తో రెట్టింపు చేసి 5 తగ్గిస్తే, డ్రైవర్ కోరే మైనస్ 5 నుంచి ప్లస్ 5 వోల్టులు వస్తాయి. ఆప్-ఆంప్‌కి కూడా ఆ ప్లస్ మైనస్ 15 సప్లైనే ఇవ్వవచ్చు. హైదరాబాద్ వాళ్లకి ఇవి కోఠి గుజరాతీ గల్లీలో వెతకడం తేలిక. ఊనో ర్యామ్ 2 కిలోబైట్లే కాబట్టి బొమ్మ పాయింట్లని ప్రోగ్రాం ఉండే ఫ్లాష్ మెమరీలో పెట్టుకోండి.

ప్లస్ మైనస్ 15 దండగ అన్న మాట కూడా తప్పే. అద్దం రెండు వైపులా తిరగాలి, కాయిల్లో కరెంటు దిశ చటుక్కున మారాలి. 5 వోల్టులతో అంత వేగం రాదు. రెడీమేడ్ సప్లై దొరక్కపోతే రెండు 15 వోల్టుల ఐసోలేటెడ్ సప్లైలని సిరీస్‌లో కలిపి మధ్య బిందువుని గ్రౌండ్ చేసుకోవచ్చు. కానీ వాటి మైనస్‌లు ఎర్త్ పిన్ను ద్వారా లోపల కలిసి ఉంటే షార్ట్ అవుతుంది. కలపకముందే మల్టీమీటర్‌తో చూసుకోండి. ఆర్డుయినో గ్రౌండ్‌ని డ్రైవర్ సిగ్నల్ గ్రౌండ్‌కి తప్పకుండా కలపండి.

ఆ సలహాలో లేజర్ గురించి ఒక్క ముక్క లేదు, నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. కదిలే కిరణం కంటే ఆగిన కిరణం ప్రమాదం, ఎందుకంటే శక్తంతా ఒకే చోట పడుతుంది. ప్రోగ్రాం హ్యాంగ్ అయినా, వైరు ఊడినా అద్దం ఆగిపోతుంది, లేజర్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి ముందు డ్రైవర్ సప్లై, తర్వాత సిగ్నల్, అద్దాలు కదులుతున్నాయని చూశాకే లేజర్. ఆపేటప్పుడు లేజర్ ముందు ఆగాలి. ప్రయోగాలకి 1 మిల్లీవాట్ లోపలి క్లాస్ 2 లేజర్ వాడండి, అదీ ఎవరి కళ్ల ఎత్తులోనూ పడకుండా గోడ పైభాగానికి గురిపెట్టి.