మైకు బొమ్మ గారికి ఒక మనవి

మా ల్యాప్‌టాప్ తెర మీద కుడివైపు మూలన మైకు బొమ్మగా వెలసిన డిక్టేషన్ గారికి,

కుడి మణికట్టుకు పిండికట్టు వేయించుకుని, టైపు చేసే దారి లేక మిమ్మల్ని ఆశ్రయించిన వాడు రాసుకుంటున్న మనవి. మా పెద్దనాన్నగారి పెద్దకర్మ పత్రికకు నాలుగు వాక్యాలు చెప్పి రాయించుకుందామని మొన్న రాత్రి మీ ముందు కూర్చున్నాను.

"పెద్దనాన్నగారు కాలం చేశారు" అన్నాను. "కలం చేశారు" అని మీరు రాశారు. ఫ్యాను చప్పుడులో దీర్ఘం కొట్టుకుపోయిందేమోనని ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ, బడిపిల్లవాడిలా సాగదీసి మళ్ళీ చెప్పాను. ఈసారి "కాలం" సరిగ్గానే పడింది గాని, "చేశారు" అనేలోపే మీరు మనసు మార్చుకుని, నా కళ్ళెదుటే దాన్ని చెరిపి తిరిగి "కలం" చేశారు. వెనక వచ్చే మాటను బట్టి ముందు మాటను దిద్దుకోవడం మీ పద్ధతి అని ఎరుగుదును. ఒప్పును తప్పుగా దిద్దే పంతులుగారిని చూడటం మాత్రం ఇదే మొదలు.

తరువాతి వాక్యం ఇంకా ఘోరం. "ఆయన ఒకరిని నొప్పించిన మనిషి" అని, గొంతు పూడుకుపోయి ఒక్క క్షణం ఆగి, "కారు" అన్నాను. నిశ్శబ్దం తగలగానే వాక్యం ముగిసిందని తీర్మానించే మీరు "మనిషి" దగ్గర చుక్క పెట్టి, "కారు"ను వేరే వాక్యం చేశారు. తెలుగులో అవునో కాదో తేలేది చిట్టచివరి మాటలోనని, అంతదాకా ఓపిక పట్టాలని మీకెవరూ చెప్పలేదా? జీవితమంతా సైకిలు తొక్కిన మనిషికి పోయాక ఒక నింద, ఒక కారు సంక్రమించాయి.

1952లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన మీ ముత్తవ్వ, మాట గుర్తుపట్టే యంత్రం ఆడ్రీకి వచ్చినవి అంకెలే, అదీ అలవాటైన గొంతు చెబితేనే. 1962 నాటి ఐబీఎం షూబాక్స్ 16 మాటలతో సరిపెట్టుకుంది. మీరో, సెకనుకు 16,000 సార్లు నా గొంతును కొలిచి, నేను అనని మాటలు కూడా వినగల దిట్టలు. కళ్ళు తుడుచుకుంటూ నేను మౌనంగా ఉన్న అర నిమిషంలో, పెద్దకర్మ పత్రిక కింద, "వీక్షించినందుకు ధన్యవాదాలు" అని రాసిపెట్టారు. వీడియోల సబ్‌టైటిళ్ళు చదివి పెరిగిన తరం కదా, నోరు మూతపడితే వీడియో అయిపోయినట్టే మీకు లెక్క.

పెద్దనాన్నగారికి కూడా చివరి రోజుల్లో చెవులు సరిగా వినపడేవి కావు. మాట అందనప్పుడు అరచెయ్యి చెవి వెనక దోనెలా పెట్టుకుని, "ఏమిటీ?" అని ముందుకు వంగేవారు. మీ సెట్టింగులన్నీ వెతికాను, ఆ మీట కనబడలేదు.

ఈ ఉత్తరాన్ని ఎడమచేతి చూపుడువేలితో, ఒక్కొక్క అక్షరమే కొట్టాను. మిమ్మల్ని ఆపడం ఎలాగో తెలియక మైకును అలాగే వదిలేశాను.

ఇట్లు,
మీ వాడుకరి

వీక్షించినందుకు ధన్యవాదాలు.