మాఘమాసంలో మిడ్‌వే

మా నల్లగొండకు ఎయిర్‌పోర్టు లేదు. మహబూబ్‌నగర్ వైపు గుడిబండలో కడతారని ఏళ్లుగా వింటున్నాం, ఇంకా వింటూనే ఉంటాం. విమానం ఎక్కాలంటే మాకు శంషాబాదే దిక్కు. అయినా సరే, పసిఫిక్ మహాసముద్రాన్ని ఏ దారిన దాటితే ఎంత పెట్రోలు మిగులుతుందో చెప్పగలిగిన మేధావులు ఈ రెండు జిల్లాల్లో ఆరుగురు ఉన్నారు. అందులో నేనొకణ్ణి. పాఠకులు ఈ వ్యాసాన్ని తగిన గౌరవంతో చదవగలరు.

మాది ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట) రిలే రేసు జట్టు. భూగోళాన్ని చుట్టి రావాలి. ఒకడు దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇంకొకడు ఎక్కాలి. గడియారం ఆగదు. ఆటలో కాలాన్ని ముందుకు తిప్పడం నిషేధం, ఆరు గంటల దూరమైతే ఆరు గంటలూ కుర్చీలో కూర్చోవాల్సిందే. వాతావరణం కూడా బయట ఎట్లుంటే ఆటలో అట్లనే ఉంటుంది. సముద్రాల మీద జెట్ వాడకూడదు, 1935లో మొదటిసారి ఎగిరిన డీసీ-3 లాంటి ముసలి విమానాలతోనే దాటాలి.

రూట్ ప్లానింగ్ మొత్తం దేవరకొండలో ఉండే మా లెక్కల సారుది. ఆయన మొదటి క్లాసు నాకింకా గుర్తే. టోక్యో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గరి దారి ఏదని అడిగితే, మ్యాపు మీద స్కేలు పెట్టి అడ్డంగా గీత గీశాను. సారు నన్ను జాలిగా చూసి, సంచిలోంచి బత్తాయి తీశారు. (మా దగ్గర ఏ శాస్త్రమైనా బత్తాయితోనే మొదలవుతుంది. మాకు దొరికే గోళం అదే.) పండు మీద రెండు గుండుసూదులు గుచ్చి, పూలదండ కట్టే దారం వాటి మధ్య బిగించి లాగారు. దారం నేను గీసిన చోట నిలవకుండా జర్రున పైకి జారి, అలూషియన్ దీవుల దిక్కు పోయి ఆగింది. “చూసినవా? మ్యాపు మీద వంకర, బత్తాయి మీద సక్కగ” అన్నారు. ఆ తర్వాత ఆ భూగోళాన్ని ఒలిచి ఇద్దరం తినేశాం.

దగ్గరి దారి దొరికింది కదా అని సంబరపడ్డాం. దగ్గరి దారిలో షెమ్యా అనే దీవి ఉంది. అక్కడ పొగమంచు, అడ్డగాలి రెండూ బాగా పేరు పడ్డవి. దక్షిణంగా పోతే మినామి తోరిషిమా, వేక్, మిడ్‌వే అనే దీవులు, ఆపైన హోనొలులు. దారి దూరం, ఆకాశం మాత్రం కాస్త మర్యాదస్తుల ఆకాశం. ఉత్తరమా దక్షిణమా అని మేం నెల రోజులు కొట్లాడుకుని, చివరికి దక్షిణానికి ఒప్పుకున్నాం. మా మేనమామ ఇంటి పంపకాలు కూడా అంత సేపు పట్టలేదు.

వెనకగాలి గురించి సారు చెప్పిన లెక్క మాత్రం నన్ను నిజంగా భయపెట్టింది. డీసీ-3 గంటకు 300 కిలోమీటర్లు పోతుంది, ఎనిమిది గంటలకు సరిపడా పెట్రోలు ఉంది అనుకుందాం. గాలి లేకపోతే నాలుగు గంటలు ముందుకు పోయి కూడా బయల్దేరిన చోటికి తిరిగి రావచ్చు. అదే 60 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తుంటే? పోయేటప్పుడు 360, వచ్చేటప్పుడు 240. అంటే 3 గంటల 12 నిమిషాలు దాటితే ఇక వెనక్కి రాలేం. గాలి అనుకూలంగా ఉన్నకొద్దీ వెనుదిరిగే అవకాశం ముందే పోతుంది. పెళ్లిళ్లకు పోయే వాళ్లకు ఇది కొత్త విషయం కాదు. పోయేటప్పుడు ఎవరో ఒకరు కారెక్కించుకుంటారు. రాత్రి పదకొండింటికి బస్టాండులో నిలబడ్డాక తెలుస్తుంది.

ఇంత లెక్క తెలిసిన మనిషి రేసుకు ఫిబ్రవరి ఎందుకు ఒప్పుకున్నట్లు? చలికాలంలో జెట్ స్ట్రీమ్, అంటే ఆకాశంలో బాగా పైన పడమర నుంచి తూర్పుకు వీచే గాలి, బలంగా ఉంటుందట. జపాన్ మీద గంటకు 300 కిలోమీటర్లు దాటి వీచిన రోజులు కూడా ఉన్నాయట. ఆ గాలి పది కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, మా డీసీ-3 మూడు కిలోమీటర్ల మీద ఆయాసపడుతుంది, అది వేరే సంగతి.

నా ఆరోపణ ఇది. ఈ జట్టు ప్లానులో గాలి ఉంది, మేఘం ఉంది, పెట్రోలు ఉంది. పక్షి కూడా ఉంది: మిడ్‌వే మీద ఆల్బట్రాస్ పక్షులు లక్షల్లో గూళ్లు పెడతాయి, అందుకని ఆ సీజన్‌లో అక్కడ విమానాలు చీకటి పడ్డాకే దిగాలి. మా సారు ఆ పక్షులకు ఇబ్బంది లేకుండా టైం వేశారు. కానీ ఫిబ్రవరి అంటే మాఘమాసమని ఒక్కరికీ తట్టలేదు. మాఘమాసమంటే ముహూర్తాలు. అంతేనా, రథసప్తమికి చెర్వుగట్టు జాతర, ఏడాది విడిచి ఏడాది సూర్యాపేట పక్కన పెద్దగట్టు జాతర. ఆరుగురు పైలట్లకు కలిపి పదకొండు శుభలేఖలు వచ్చాయి.

వేక్ నుంచి మిడ్‌వేకి మిర్యాలగూడ తమ్ముడి వంతు. సుమారు రెండు వేల కిలోమీటర్లు, ఆరు గంటలు. మన టైం ప్రకారం శుక్రవారం తెల్లవారుజామున అయిదున్నరకు లేచి, పదకొండున్నరకు దిగాలి. అదే శుక్రవారం 11 గంటల 14 నిమిషాలకు వాళ్ల అక్క పెళ్లి ముహూర్తం. ఈ సంగతి సారుకు చెబితే ఆయన చాలా సేపు ఆలోచించి, “మధ్యలో డేట్ లైన్, అదే తారీఖు మారే గీత, ఉన్నది గదా! వేక్‌ల శుక్రవారం మధ్యాహ్నం లేస్తడు, మిడ్‌వేల గురువారం రాత్రి ఏడింటికి దిగుతడు. గురువారం నాడు పెళ్లేడిది?” అన్నారు. లెక్కలో తప్పు లేదు. పంతులుగారికి చెప్పి ఒప్పించడమే మిగిలింది.

ఫంక్షన్ హాల్లో జనరేటర్ లైనున్న ప్లగ్గు ఒక్కటే ఉంది, స్టేజీ వెనక. తమ్ముడు పట్టుపంచె కట్టుకుని అక్కడే కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ ప్లాస్టిక్ కుర్చీ మీద, జాయ్‌స్టిక్ స్టీలు తాంబాళంలో. జాయ్‌స్టిక్‌కి పసుపు అంటింది. పదిన్నరకు కరెంటు పోయింది, జనరేటర్ కాపాడింది. 1934లో లండన్–మెల్‌బోర్న్ రేసులో ఒక డచ్చి విమానం రాత్రి తుఫానులో దారి తప్పితే, ఆల్బరీ అనే ఊరివాళ్లు ఊరి దీపాలు ఆర్పి వెలిగిస్తూ ఊరి పేరును సంకేతంగా పంపారు, కార్ల లైట్లతో గుర్రప్పందేల మైదానాన్ని రన్‌వే చేశారు. ఆ విమానం రేసులో రెండో స్థానంలో వచ్చింది. మా దగ్గర కూడా కరెంటు ఆర్పి వెలిగిస్తూనే ఉంటారు, అందులో ఏ సంకేతమూ ఉండదు.

నేను నల్లగొండలో ఫోను చెవికి పెట్టుకుని కూర్చున్నాను, మిడ్‌వే నుంచి హోనొలులు నాది. అటు గట్టిమేళం. ఆ మోతలో తమ్ముడి గొంతు: “అన్నా, రన్‌వే లైట్లు కనబడుతున్నయ్. మా బాపు గూడ కనబడుతుండు.”

“ముందు ఏది దగ్గరుంది?”

“బాపే.”

చక్రాలు నేలను తాకాయి. బ్రేకు వేసేలోపు తండ్రి చెయ్యి భుజం మీద పడింది. పేలాలు వెయ్యాల్సిన వాడు పెళ్లికూతురి తమ్ముడు, వాడు లేకపోతే హోమం ఆగుతుంది. విమానం ఎవరూ పట్టుకోకుండా రన్‌వే చివరిదాకా పోయి గడ్డిలో ఆగింది. ఎన్ని పక్షులు లేచాయో సిమ్యులేటర్ చూపించలేదు.

కనుక నిర్వాహకులకు మా జట్టు తరఫున నా డిమాండ్: రేసును ఒక్క నెల ముందుకు జరపండి. పుష్యం శూన్యమాసం, ముహూర్తాలుండవు. జెట్ స్ట్రీమ్ అప్పుడూ గట్టిగానే ఉంటుంది. మిగతా జట్లకు పుష్యమాసం అంటే ఏమిటో తెలియదు కాబట్టి పంచాంగం ఫొటో తీసి పంపాం.

అంతా ఖాయమనుకున్నాక జడ్చర్ల తమ్ముడు చెయ్యెత్తాడు. నిరుడే పెళ్లయింది, పుష్యంలో సంక్రాంతి వస్తుంది, మూడు రోజులు అత్తగారింట్లోనే ఉండాలట. సారు ఏమీ అనలేదు. షీటు తెరిచి, ఎదురుగాలి కాలమ్ పక్కన కొత్త కాలమ్ చేర్చి, పైన ‘అల్లుడు’ అని రాసి, కింద 72 గంటలు వేశారు.