లాంగ్‌టర్మ్ ఎవరికి అందుతోంది?

వైద్య కోర్సుల ప్రవేశ పరీక్ష నీట్‌ను రెండుసార్లకు మించి రాయనివ్వకూడదని వాదించే వ్యాసం ఒకటి చదివాను. నేను ఒప్పుకోను. ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు ఆ పరిమితి ఉండనే ఉంది, వరుసగా రెండేళ్లలో రెండే అవకాశాలు. దానివల్ల కోచింగ్ తగ్గిందా? కింది తరగతులకు దిగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి చివరి బడి బోర్డు మీద ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’ అని రాసి ఉంటుంది. పదకొండేళ్ల పిల్లలకు పునాదులట!

మా పై వాటాలో అద్దెకున్నవారి అమ్మాయి నిరుడు లాంగ్‌టర్మ్‌లో, అంటే ఇంటర్ అయ్యాక నీట్ మళ్లీ రాయడానికి ఏడాదిపాటు తీసుకునే కోచింగ్‌లో చేరింది. ఫీజుకు, హాస్టల్‌కు వాళ్ల నాన్నగారు ఊళ్లో అరెకరం తాకట్టు పెట్టారు. ఈ ఏడాది సీటొచ్చింది, సంతోషం. మా ఇంట్లో వంట చేసే ఆవిడ కొడుకుకూ తొలిసారి ర్యాంకు రాలేదు. నెల తిరక్కుండానే మందుల దుకాణంలో పనికి కుదిరాడు. ఎన్నిసార్లయినా రాయవచ్చన్న నిబంధన మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇంజినీరింగ్ సీట్ల కోసం రాసే జేఈఈ మెయిన్ కొంత నయం. ఏటా రెండు విడతలు, మెరుగైన స్కోరే లెక్క. పరీక్ష రోజు జ్వరం వస్తే ఏడాది పోదు. నీట్ ఏడాదికి ఒక్క మధ్యాహ్నమే. ముందు దాన్ని రెండు విడతలు చేయమని అడగాలి గాని, ఉన్న అవకాశానికి కోత పెట్టమనడం ఏమిటి?

మన సాంఘిక సంక్షేమ గురుకులాలు నీట్‌కు ఉచితంగా లాంగ్‌టర్మ్ శిక్షణ ఇచ్చాయి. ఆ సంగతి మా వంటావిడ కొడుకుకు ఎవరూ చెప్పలేదు. పాతికేళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన నాకూ మొన్ననే తెలిసింది.