పొట్లంలో పండుగప్ప, పక్క టేబుల్ మీద కత్తెర

చేపను కాగితంలో చుట్టి ఓవెన్‌లో పెట్టే విద్య మీద నాకు ఏ కక్షా లేదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. నా గొడవల్లా కత్తెరతోనే.

మా మేనల్లుడికి ప్రమోషన్ వచ్చింది. "మావయ్యా, ఈసారి బిర్యానీ వద్దు, కొత్తగా ఏదైనా తిందాం" అని మా ఇద్దర్నీ, వాళ్లావిణ్ణీ హైదరాబాద్‌లో ఒక హోటల్‌కి తీసుకెళ్లాడు. దాని పేరు చెప్పను. చెప్పినా మీకు నోరు తిరగదు. లోపల వెలుతురు ఎంత పొదుపుగా వాడారంటే, మెనూ చదవడానికి నలుగురం నాలుగు ఫోన్లలో టార్చ్ వేసుకున్నాం. లాంతరు చుట్టూ కూర్చుని ఎక్కాలు బట్టీపట్టిన తరం కాబట్టి నాకు పెద్దగా ఇబ్బంది కలగలేదు. అందులో ఒకచోట ఉంది: పండుగప్ప, రొయ్యలు, 'ఆన్ పాపియోత్'. 1,495 రూపాయలు, పన్నులు అదనం.

"పాపి... ఏంటిది? పాపికొండలు తెలుసు గానీ" అంది మా ఆవిడ.

మేనల్లుడు పాఠం మొదలెట్టాడు. ఇది ఫ్రెంచివాళ్ల పద్ధతి. కాగితాన్ని హృదయాకారంలో కత్తిరించి, ఒక సగం మీద చేప ముక్క, రొయ్యలు, నాలుగు ఆకులు, చెంచాడు వెన్న, కాస్త వైన్ పెడతారు. రెండో సగాన్ని దాని మీదికి మడిచి, అంచంతా చిన్నచిన్న మడతలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తూ బిగిస్తారు. వేడి తగలగానే లోపలి తడి ఆవిరై కాగితం పూరీలా పొంగుతుంది. చేప తన ఆవిరిలో తానే ఉడుకుతుంది. వాసన బయటికి పోదు, నూనె ఖర్చు లేదు. ఇటలీవాళ్లు దీన్నే 'అల్ కార్తొచ్చో' అంటారు. పాపియోత్ అన్న మాట సీతాకోకచిలుక మాటలోంచి పుట్టిందట. ఒకప్పుడు జుట్టు ఉంగరాలు తిరగాలని దొరసానులు చుట్టుకున్న కాగితం ముక్కలూ పాపియోత్‌లే, లియోన్‌లో క్రిస్మస్‌కి తళతళలాడే కాగితంలో చుట్టి అమ్మే చాక్లెట్లూ పాపియోత్‌లే.

"అంటే పొట్లం" అంది మా ఆవిడ.

"పొట్లం కాదత్తయ్యా! పాపియోత్."

వాడన్నదీ నిజమే. పొట్లమైతే 1,495 ఎవడిస్తాడు?

మా ఊరి కిరాణా కొట్టాయన ఈ విద్యలో సిద్ధహస్తుడు. చదివేసిన పేపరు ముక్క చింపి, శేరు కందిపప్పు పోసి, మనతో మాట్లాడుతూనే, పొట్లం వైపు చూడకుండానే, నాలుగు వైపులా మడతలు వేసి, దూలానికి వేలాడే పురికొసను సర్రున లాగి రెండు చుట్లు చుట్టి, వేలితో టప్పున తెంపేవాడు. సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని మూడు మైళ్లు గతుకుల రోడ్డు మీద తొక్కినా ఒక్క పప్పుబద్ద రాలేది కాదు. ఆయన కొట్లో కత్తెర ఉండేది కాదు. ఇప్పుడు పేపర్లో తినే వస్తువు చుట్టకూడదని 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల్లోనే రాసేశారు. ఇంకు ఒంట్లోకి పోతుందట. సబబే, నేనేం కాదనను. కాకపోతే ఆ లెక్కన అచ్చయిన కాగితంలో బజ్జీ చుట్టినవాడు నేరస్తుడు, అచ్చు లేని కాగితంలో చేప చుట్టినవాడు షెఫ్.

సరే, పొట్లం వచ్చింది.

చెక్క పలక మీద, నిండా ఊపిరి పీల్చుకున్న పహిల్వాన్‌లా పొంగి, అంచుల్లో కాస్త ఎర్రబారి, నిజంగా చూడముచ్చటగానే ఉంది. వడ్డించే కుర్రాడు చేతులు కట్టుకుని ప్రకటించాడు: దీన్ని అతిథుల కళ్లెదుటే కోయాలి, అదే సంప్రదాయం. ఆ మాట అని కుడి జేబు తడుముకున్నాడు. ఎడమ జేబు తడుముకున్నాడు. "వన్ మినిట్ సర్" అని మాయమయ్యాడు.

ఆ హోటల్‌లో వైన్ గ్లాసులు నాలుగు రకాలు. ఫోర్కులు ఒక్కొక్కరికీ మూడేసి. కత్తెర మాత్రం ఒకటి. అది ఆ క్షణాన మూల టేబుల్ దగ్గర ఇంకో పొట్లాన్ని ఆవిష్కరిస్తోంది. అక్కడ ఒకమ్మాయి పుట్టినరోజు. కోశారు. చప్పట్లు కొట్టారు. అంతా అయ్యాక తెలిసింది, వీడియో తీయాల్సినాయన రికార్డ్ బటన్ నొక్కలేదు. కోసిన కాగితాన్ని మళ్లీ దగ్గరికి చేర్చి, చేత్తో అదిమి, "ఇప్పుడు కోసినట్టు చెయ్యి భయ్యా" అంటున్నారు. కుర్రాడు కోసినట్టు చేశాడు. ఆవిరి రాలేదు. ఎలా వస్తుంది, పోయిన ప్రాణం? ఆవిరి రాకపోతే వీడియో ఎందుకని వాళ్లలో వాళ్లు వాదించుకుంటున్నారు. కత్తెర అక్కడే ఉండిపోయింది.

"చేత్తో చింపేస్తే పోలా?" అంది మా ఆవిడ.

"అత్తయ్యా, ముట్టుకోకండి!"

ఈలోగా కాలక్షేపానికి మేనల్లుడు ఇంకో కథ ఎత్తుకున్నాడు. న్యూ ఆర్లీన్స్‌లో 1840 నుంచీ నడుస్తున్న ఆంట్వాన్స్ అనే రెస్టారెంట్ ఉంది. దాని ఒకప్పటి యజమాని జూల్స్ అల్సియతోర్, బ్రెజిల్ బెలూన్ వీరుడు సాంతోస్ దుమో గౌరవార్థం, పొంపానో అనే చేపను రొయ్యలూ పీతమాంసమూ వేసిన సాస్‌తో కాగితంలో బెలూన్‌లా పొంగేట్టు వండించాడని చెబుతారట. ఈ సాంతోస్ దుమో సామాన్యుడు కాడు. 1901 అక్టోబర్ 19న గాలినౌకలో బయల్దేరి, ఈఫిల్ టవర్ చుట్టూ తిరిగి, దాదాపు 11 కిలోమీటర్లు అరగంటలో పూర్తిచేసి బహుమతి కొట్టాడు. మా కత్తెర మూల టేబుల్ నుంచి మా టేబుల్‌కి రావడానికి, మధ్యలో ఏ టవరూ లేకపోయినా, పదిహేడు నిమిషాలు పట్టింది.

ఆ పదిహేడు నిమిషాల్లో మా బెలూన్ పరిస్థితి చెప్పాలి. ముందు బుగ్గలు జారాయి. తర్వాత నడుం వంగింది. చివరికి సంతలో తొక్కిసలాట తర్వాత మిగిలిన బూరలా ముడతలుపడి చేప మీద వాలిపోయింది. ఇక్కడే వంట తెలిసినవాళ్లకి ఒళ్లు మండేది. పొట్లాన్ని ఓవెన్‌లోంచి తీసినంత మాత్రాన లోపల పొయ్యి ఆరిపోదు. ఆవిరి వెంటనే ఆగదు, ఉడుకూ వెంటనే ఆగదు. రొయ్యకి రెండు మూడు నిమిషాల వేడి చాలు. వేలు మందం పండుగప్ప ముక్కకి పది, పన్నెండు కావాలి. ఇద్దరినీ ఒకే గదిలో పెట్టి తలుపు బిగిస్తే ఒకరికి న్యాయం, ఒకరికి అన్యాయం. అందుకే చేతనైనవాళ్లు చేపను పల్చగా కోస్తారు, లేదా పెద్ద రొయ్యలు ఏరి చేప కింద దాస్తారు. ఆల్చిప్పల సంగతి ఇంకా తమాషా. ఉడికితే అవే నోరు తెరుస్తాయి. గిన్నెలో అయితే మూత ఎత్తి తెరిచాయో లేదో చూస్తాం. పొట్లంలో తొంగిచూడటానికి కిటికీ ఏది? పైగా పెంకు అంచు గీసుకుందంటే కాగితానికి చిల్లి, ఆవిరంతా అటే.

మనం చేప కొనేటప్పుడు ఏం చేస్తాం? మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాం. కన్ను చూస్తాం. పొట్ట మీద వేలితో నొక్కి, గుంట పడితే "నిన్నటిదా?" అని నిలదీస్తాం. ఇంటికొచ్చి పులుసు పెడితే గరిటె పెట్టం, ముక్క చెదురుతుందని దాకనే రెండు చేతులా పట్టుకుని కుదుపుతాం. చూస్తూ కొని, చూస్తూ వండి, చూస్తూ తినే జాతి. అలాంటివాళ్లని కూర్చోబెట్టి, "లోపల ఏముందో చూడకండి, ఆశ్చర్యపోండి" అని దానికి డబ్బులు తీసుకోవడం మామూలు తెలివి కాదు.

కత్తెర వచ్చింది. పట్టుబట్ట మడతలోంచి తీశారు. శిలాఫలకం ఒక్కటే తక్కువ. చర్రున కోసి, కాగితం రెక్కలు విప్పి, "వంగి వాసన చూడండి సర్" అన్నాడు. నలుగురం నాలుగు తలలూ పొట్లం మీదికి వంచాం. నా కళ్లజోడు మసకబారింది. జలుబు చేస్తే మా అమ్మ పసుపు నీళ్లు మరిగించి ఇలాగే వంచి కూర్చోబెట్టేది. ఆవిడైతే దుప్పటి కప్పేది, ఆ మర్యాద ఇక్కడ లేదు.

లోపల అరచేయంత పండుగప్ప ముక్క ఉంది. మూడు రొయ్యలు ఉన్నాయి. మూడే. నలుగురు మనుషులు. అవి కూడా పదిహేడు నిమిషాల నిరీక్షణలో బిగుసుకుపోయి, స్కూలు పిల్లల రబ్బరు ముక్కల్లా అయ్యాయి.

ఇక్కడిదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. మెనూ మళ్లీ తీశాను, రొయ్య ఎక్కడిదో రాసి ఉంటుందేమోనని. వెన్న ఏ దేశానిదో రాశారు. ఉప్పు ఏ సముద్రానిదో రాశారు. నిమ్మకాయకి కూడా ఒక ఊరు ఇచ్చారు. రొయ్యకి మాత్రం 'తీరం నుంచి' అని రాసి ఊరుకున్నారు. ఏ తీరమయ్యా? మాది ఆకివీడు దగ్గర. అక్కడ చెరువు గట్టు తప్ప తీరం ఉండదు. కైకలూరుకి సముద్రం ఎక్కడుంది? మీ కాగితంలో పడుకున్నది వనామీ అనే చెరువు రొయ్య. 2009లో ఈ దేశంలో పెంచుకోనిచ్చారు, అప్పట్నుంచీ మా గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ల నిద్ర దాని చేతిలోకి పోయింది. అర్ధరాత్రి కరెంటు పోతే చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంటంతా పోతుంది. అందుకని రైతు జనరేటర్ పక్కన నులకమంచం వేసుకుని పడుకుంటాడు. మేత రేటు అతను చెప్పేది కాదు. రొయ్య రేటూ అతను చెప్పేది కాదు. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు, ఆ కౌంటుకి కొనేవాడు ఎంతంటే అంత. 2025 ఆగస్టులో అమెరికావాడు మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ గట్టు మీద పడింది. మా బంధువు ఒకాయన పంట మధ్యలోనే పట్టేసి అమ్ముకున్నాడు. హోటల్ మెనూలో 1,495 ఒక్క రూపాయి కూడా కదల్లేదు.

ఇంకా తల తీసి, పెంకు ఒలిచి, నరం లాగే ఆడవాళ్లున్నారు. ఐసు నీళ్లలో గంటల తరబడి చేతులు పెట్టి, నిలబడే. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పాసిపోయి ఉంటుంది, బొటనవేలి గోరు సగానికి అరిగి ఉంటుంది. సాయంత్రం అన్నం కలుపుకుంటే కారం తగిలి మండుతుంది, అందుకని చెంచాతో తింటారు. చెంచాతో తినడం నాగరికత అనుకునేవాళ్లు ఒకసారి ఆ షెడ్డు దాకా వెళ్లి రండి. మా ముందున్న మూడు రొయ్యలూ కిలోకి యాభై తూగే రకం, అంటే చెరువు దగ్గర 60 గ్రాములు. వాటికి రైతు చేతిలో పాతిక రూపాయలు కూడా పడవు. ఒలిచినావిడకి ఎంత పడుతుందో చెప్పుకోవడానికి పైసలు కూడా ఇప్పుడు చేతుల్లో కనబడవు. చుట్టిన కాగితానికి ఫ్రెంచి పేరు పెట్టారు, కోసిన కత్తెరకి పట్టుబట్ట కప్పారు, ఒలిచిన చేతికి మాత్రం మీ మెనూలో ఒక్క అక్షరం చోటు దొరకలేదా? సిగ్గుండాలి.

"మావయ్యా, బీపీ" అన్నాడు మేనల్లుడు. మంచినీళ్లు తాగాను.

ఆకులో చుట్టి వండటం తెలియని దేశమా ఇది? ఇదే పండుగప్పని బెంగాలీలు భెట్కీ అని పిలిచి, ఆవపిండి పట్టించి, అరిటాకులో చుట్టి పాతూరీ చేస్తారు. పార్సీలు చందువాకి పచ్చి కొబ్బరి పచ్చడి పూసి ఆకులో ఆవిరి పెడతారు. మలయాళీల కరిమీన్ చేప అరిటాకులో పెనం మీద కాలుతుంది. మా కోనసీమలో పనసాకులు పుల్లలతో కుట్టి అందులో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వండుతారు. ఎవరూ ఎవరినీ వంగి వాసన చూడమనరు. ఆ మాటకొస్తే ఆత్రేయపురంవాళ్లు చుట్టిన కాగితాన్ని కూడా తినిపించేస్తారు, దాన్ని పూతరేకు అంటారు.

బిల్లు కూడా మడతపెట్టిన అట్టలోనే వచ్చింది. దానికి కత్తెర అవసరం పడలేదు.

పై ఆదివారం మేనల్లుడు మా ఇంటికి పార్చ్‌మెంట్ కాగితం చుట్ట పట్టుకొచ్చాడు. మా ఆవిడ ముందురోజే బజార్లో దొరికే బటర్ పేపర్‌తో ఒకటి ప్రయత్నించి ఇల్లంతా పొగ చేసింది. అది మైనం కాగితమట, వేడికి మైనం కరిగిపోతుంది. ఈసారి అసలు కాగితం. పండుగప్ప పల్చటి ముక్కలు, ఉప్పు, పసుపు, చీరిన పచ్చిమిర్చి, పుల్లమామిడి తురుము, కొత్తిమీర. రొయ్యలు వేరే పొట్లం. ఓవెన్ లేదు, దళసరి పెనం మీద పెట్టి మూత వేసింది. చేపకి పది నిమిషాలు, రొయ్యకి అయిదు.

బాగుంది. ఆ మాట రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో చెప్పలేను. మామిడి పులుపు చేప లోపలికంటా దిగింది, రొయ్య పంటి కింద మెత్తగా తెగింది.

"ఆగండత్తయ్యా, వీడియో! కత్తెరేదీ?" అని మేనల్లుడు లేచాడు. కత్తెర ఫ్రిజ్ మీద ఉంది, పాల ప్యాకెట్ మూల ముక్క దానికింకా అంటుకునే ఉంది. వాడు దాన్ని కడిగి తెచ్చేలోగా మా ఆవిడ రెండు పొట్లాలూ చేత్తో చింపేసి రొయ్యలు పళ్లెంలో పోసింది. లెక్కపెట్టాను. ఇరవై అయిదు. అరకిలో, యాభై కౌంటు. తూకం సరిగ్గా ఉంది.