దోమల బ్యాట్ పిడిలో కాపురముంటున్న కెపాసిటర్ గారికి

మహారాజశ్రీ కెపాసిటర్ గారికి,

కరెంటును కాసేపు కడుపులో దాచుకునే చిన్న భాగం మీరు. ఒంటి మీద ముదురెరుపు పూత, దాని మీద 474జె 400వి అన్న బిరుదు. మీకే రాస్తున్నానన్న సంగతి ఈపాటికి అర్థమై ఉంటుంది.

నిన్న సాయంత్రం మా అమ్మ స్విచ్ ఆపి, బ్యాట్‌ను సాకెట్లోంచి లాగి, పిన్నులు మడవబోయింది. మీ ఆశీర్వాదం మోచేతి దాకా అందింది. బ్యాట్ వెళ్లి పప్పు గిన్నెలో పడింది. గోడకూ దానికీ సంబంధమే లేదు, అయినా షాక్! కొన్న షాపులో అడిగితే, "పిన్నులు పట్టుకోకూడదు సార్, అన్ని బ్యాట్లూ అంతే" అన్నాడు. మడిచే పిన్నులు పెట్టి, వాటిని పట్టుకోకుండా మడవాలట. మంత్రం వేయాలేమో.

మీ గొప్పతనం నాకు తెలియక కాదు. 230 వోల్టుల నుంచి 4 వోల్టుల బ్యాటరీకి కరెంటు దించాలంటే ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. రేడియోకి తగిలించే ఎలిమినేటర్‌లో ఉండేది అదే: ఇనుము, రాగి, బరువు, గుయ్‌మనే మోత. పోనీ కరెంటుకు అడ్డుపడే రెసిస్టర్‌తో దించుదామంటే మీరు పంపే 34 మిల్లీయాంపియర్లకే ఏడెనిమిది వాట్లు వేడిగా తగలేస్తుంది, బ్యాట్ పిడి కరిగిపోతుంది. తమరు మాత్రం వేలెడంత లేకపోయినా 50 హెర్ట్జ్ కరెంటుకు దాదాపు 6,800 ఓమ్‌ల అడ్డుగా నిలబడతారు, ఒళ్లు వెచ్చబడదు. మీ వెనక కరెంటును ఒకే దిక్కుకు మళ్లించే నాలుగు డయోడ్లు, ఓ బ్యాటరీ ఉంటే చాలు, చార్జర్ తయారు. చవకలో ఇంతకన్నా తెలివైన పని నేను చూడలేదు.

ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్ల మధ్య వైరు ఉండదు, ఉన్నదంతా అయస్కాంత క్షేత్రమే. కరెంటు స్తంభం అటు, మనిషి ఇటు. మీ దగ్గర ఆ ఎడం లేదు. చార్జింగ్‌లో ఉండగా బ్యాట్ విప్పి 4 వోల్టులే కదా అని బ్యాటరీ తీగ ముట్టుకుంటే, టూ పిన్ ప్లగ్గు ఏ వైపు తిప్పి పెట్టామన్నదాన్ని బట్టి నేరుగా ఫేజునే పట్టుకున్నట్టు కావచ్చు. ఈ ముక్క అట్టపెట్టె మీద ఎక్కడా లేదు. "పిల్లలకు సురక్షితం" అని మాత్రం పెద్దక్షరాల్లో ఉంది.

సరే, విప్పేవాడి ఖర్మ అనుకుందాం. మా అమ్మ ఏం విప్పింది?

అసలు నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. గోడ కరెంటు వోల్టేజీ సున్నాకూ శిఖరానికీ మధ్య ఊగుతూనే ఉంటుంది. స్విచ్ ఆపిన క్షణంలో అది ఎక్కడుంటే మీరు దాన్నే కడుపులో దాచుకుంటారు. సున్నా దగ్గర ఉంటే ఏమీ ఉండదు. శిఖరం దగ్గర ఉంటే 325 వోల్టులు. సెకనుకు వందసార్లు ఆ శిఖరం వస్తుంది, ఏ క్షణంలో ఆపామన్నది మన చేతుల్లో లేదు. అందుకే పొద్దున పిన్నులు ముట్టుకున్న నాన్నకు ఏమీ కాదు, సాయంత్రం అమ్మకు అవుతుంది. "నాకేం కాలేదే, నీ భ్రమ" అని ఆయన పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా తేల్చేస్తారు. షాక్ కొట్టిందీ మీరే, అది అబద్ధమని సాక్ష్యం పలికిందీ మీరే.

దీనికి మందు లేదా అంటే ఉంది. మీ రెండు కాళ్ల మధ్య ఒక పెద్ద విలువ రెసిస్టర్ ఉంటే, ప్లగ్గు లాగిన రెండు సెకన్లలో మీ కడుపు ఖాళీ. బ్లీడర్ అంటారు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో రూపాయో, అంతకన్నా తక్కువో. బోర్డు మీద దానికోసం రెండు రంధ్రాలు కూడా వదిలారు, ఆర్1 అని పేరు కూడా అచ్చేశారు. మనిషిని మాత్రం పెట్టలేదు! దోమ చచ్చే వైపు చూడండి, వేలు తగలకుండా మెష్ మూడు పొరలు. మనిషి పట్టుకునే వైపు రూపాయి ఖర్చుకు ప్రాణం ఒప్పలేదు.

మిగతా ఘనకార్యాలు ఎందుకులే. బ్యాటరీ నిండినా తోస్తూనే ఉంటావు, అది లోపలే ఎండిపోతుంది. గోడ కరెంటుకు నేరుగా తగిలించేందుకే చేసిన ఎక్స్2 రకం కెపాసిటర్ పెట్టాల్సిన చోట నిన్ను పెడితే, లైన్లో ఉన్నట్టుండి ఎగిసే ప్రతి వోల్టేజీకీ కాస్త కాస్త అరిగిపోతావు. ఆ తర్వాత బ్యాటరీకి చాలినంత కరెంటు పోదు, ఎర్ర లైటు మాత్రం ధీమాగా వెలుగుతుంది. రాత్రంతా చార్జింగ్ పెట్టిన బ్యాట్ మొదటి దోమకే చేతులెత్తేస్తుంది.

మర్యాద ఎప్పుడు జారిపోయిందో చూసుకోలేదు, ఉండనీ. 325 వోల్టులు పట్టుకుని ముసలావిడ కోసం కాచుకుని కూర్చున్నవాడికి "గారు" ఏంట్రా?

రెండు 470 కె (కిలో ఓమ్‌ల) రెసిస్టర్లు తెచ్చాను. మామూలు పావు వాట్ రెసిస్టర్ 250 వోల్టుల దాకానే తట్టుకుంటుంది కాబట్టి రెండూ సిరీస్‌లో, ఒకదాని వెనక ఒకటి. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. కదలకుండా కూర్చో.

ఇట్లు,
పప్పు గిన్నె మళ్లీ కడిగినవాడు