విశాఖలో కారవాన్: బండి సరే, ఆపేదెక్కడ?

తెలుగువాళ్లకు కారవాన్ అంటే మొన్నమొన్నటిదాకా షూటింగ్ జరిగే చోట హీరో కూర్చునే ఏసీ బండి. ఇప్పుడు అలాంటి బండిలోనే కుటుంబంతో ఊళ్లు తిరగమని ప్రభుత్వాలు పిలుస్తున్నాయి. కేరళ 2021లో ‘కేరవాన్’ పేరుతో మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ కూడా 2025లో కారవాన్ పర్యాటకానికి విడిగా ఒక విధానం తెచ్చింది. విశాఖ, అరకు ఈ చర్చలో ముందు వినిపించే పేర్లు. అయితే మాటలన్నీ లోపల ఎన్ని పడకలు, ఎంత పెద్ద టీవీ, బాత్రూం ఉందా లేదా అన్నచోటే ఆగిపోతున్నాయి. రాత్రి ఆ బండిని ఎక్కడ నిలబెడతారని గట్టిగా అడిగేవాళ్లు తక్కువ. నా లెక్కలో ఈ వ్యవహారం నిలిచేదీ, పడేదీ ఆ ప్రశ్న దగ్గరే.

విశాఖలో చూడాల్సినవి చాలావరకు సముద్రం ఒడ్డునే వరసగా ఉంటాయి. దక్షిణాన యారాడ, డాల్ఫిన్స్ నోస్. పోర్టు దాటితే ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, చివర భీమిలి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి 30 కిలోమీటర్ల లోపే. కాబట్టి ఈ ఊళ్లో దూరంతో పేచీ లేదు, పేచీ అంతా వేళతోనే. ఇది తూర్పు తీరం, పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది. హాయిగా తిరగగలిగేది ఉదయం తొమ్మిది లోపు, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక. మధ్యలో ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత ఇంకో ఎత్తు. జగదాంబ దగ్గరో సిరిపురంలోనో హోటల్లో దిగిన కుటుంబం స్నానాలు, టిఫిన్లు ముగించుకుని బయల్దేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. సరిగ్గా ఎండ ముదిరే వేళకు తొట్లకొండ ఎక్కుతారు. పిల్లలు నీళ్లు నీళ్లంటారు, పెద్దవాళ్లు కారు దిగనే దిగరు.

కారవాన్‌తో నిజంగా ఒరిగే మేలు ఇక్కడుంది. రాత్రి భీమిలి వైపు బస చేస్తే తెల్లారేసరికి తీరంలోనే ఉంటారు. ఎర్రమట్టి దిబ్బలను ఎండ రాకముందే చూడొచ్చు. వేల ఏళ్లుగా గాలీ నీళ్లూ పేర్చి, కోసి మిగిల్చిన ఇసుక దిబ్బలవి, 2014లో భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందాయి. నడిచి చూడాల్సిన చోటు, బండి చక్రం అటు వెళ్లనే కూడదు. పదిన్నరకల్లా వెనక్కి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, మధ్యాహ్నం ఓ కునుకు తీయొచ్చు. అరవై దాటిన అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లినవాళ్లకు ఆ మధ్యాహ్నం నిద్ర విలువేమిటో నేను చెప్పక్కర్లేదు. వంటగది ఉంది కదాని వంజరం పులుసు మాత్రం బండిలో పెట్టకండి, ఆ వాసన ఇంటిదాకా వస్తుంది!

అదే బండితో ఊళ్లోకి దిగితే సీను మారిపోతుంది. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో స్కూటర్‌కే చోటు దొరకదు, మినీబస్సంత బండిని ఎక్కడ పెడతారు? కురుసుర జలాంతర్గామిని (1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారింది), ఎదురుగా ఉన్న టీయూ-142 విమానాన్ని చూడాలంటే బండిని బస దగ్గరే వదిలి భీమిలి నుంచి వచ్చే 900కె బస్సు ఎక్కడం మేలు. తీరం వెంట డబుల్ డెకర్ బస్సులు కూడా వచ్చాయి. ఊరు చూపించే పని బస్సుది, ఒడ్డున ఉండనిచ్చే పని కారవాన్‌ది. ప్యాకేజీలు తయారుచేసేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి, రోజంతా బండిలోనే తిప్పి, రాత్రికి మళ్లీ ఏదో హోటల్ ఆవరణలో నిలబెడితే అది పడకలున్న టూరిస్టు బస్సే.

ఇక రాత్రి సంగతి. మే నెల విశాఖలో ఏసీ లేకుండా ఇనుప డబ్బాలో పడుకోవడం అయ్యే పని కాదు. బండిలోని బ్యాటరీ ఫ్యాన్లకు, లైట్లకు సరిపోతుంది, ఏసీని తెల్లార్లూ లాగలేదు. బయటి నుంచి కరెంటు కనెక్షన్ ఇవ్వాలి. లేకపోతే జనరేటరో ఇంజనో రాత్రంతా మోగుతూనే ఉంటుంది, పక్కన ఉన్న మత్స్యకారుల ఊరికి నిద్ర ఉండదు. మంచినీళ్లు నింపుకునే కుళాయి కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే చోటు. అది చూపించకపోతే ఆ ట్యాంకు ఎక్కడ ఖాళీ అవుతుందో విశాఖవాసులకు తెలుసు: దగ్గర్లోని గెడ్డలో, అంటే వాగులో. గెడ్డ నేరుగా సముద్రంలోకి పోతుంది. శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్‌ను 2020లో తెచ్చుకున్న రుషికొండ బీచ్‌కు ఇది చిన్న ప్రమాదమేమీ కాదు. రెండు వేల ఏళ్ల కిందట తొట్లకొండ మీద ఆరామం కట్టుకున్న బౌద్ధ భిక్షువులు కూడా రాతిలో నీళ్ల తొట్లు తొలుచుకున్నారు. మనుషులు ఉండాలంటే ముందు నీళ్లు చూసుకోవాలని వాళ్లకు ఎవరూ పాలసీ రాసివ్వలేదు.

ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్ అచ్చంగా ఇలాంటి ఉష్ణమండల తీర నగరం. అక్కడ మే నుంచి అక్టోబరు దాకా వానలుండవు, దేశం నలుమూలల నుంచి కారవాన్లు అటే కదులుతాయి. అయినా బీచ్ పక్కన, పార్కుల్లో బండి ఆపుకుని పడుకుంటే జరిమానా వేస్తారు. కరెంటు, నీళ్లు, వ్యర్థాలు పోసే చోటు ఉన్న కారవాన్ పార్కుల్లోనే రాత్రి గడపాలి. పగలు ఊళ్లోకి వెళ్లి, మిండిల్ బీచ్‌లో గురు, ఆదివారాల సాయంత్రం జరిగే సంతలో తిని, తిరిగి పార్కుకు చేరతారు. అక్కడ బండి సొంతదారే తోలుకుంటాడు. మన దగ్గర అద్దె కారవాన్‌తో పాటు డ్రైవరూ వస్తాడు, ఆయన ఎక్కడ పడుకోవాలి? సీటు వాల్చుకుని పడుకున్న మనిషి మర్నాడు అనంతగిరి ఘాట్ మలుపుల్లో మనల్ని అరకు తీసుకెళ్లాలి. డ్రైవర్‌కు మంచం, స్నానాలగది లేని పార్కుకు అనుమతే ఇవ్వకూడదు.

కారవాన్ పార్కుకు అనుకూలమైన వాదన ఒకటుంది, దాన్ని పర్యాటక శాఖ ఎందుకో గట్టిగా వినిపించదు. తీరంలో శాశ్వత కట్టడాలకు కోస్తా నియంత్రణ నిబంధనలు అడ్డొస్తాయి. రుషికొండను తవ్వి భవనాలు కట్టడం మీద ఎన్నేళ్లు రచ్చ నడిచిందో చూశాం. కారవాన్లకు కొండ తవ్వక్కర్లేదు. చెట్ల నీడ, చదునైన నేల, నేల కింద పైపులు, ఒక చిన్న వ్యర్థాల శుద్ధి ప్లాంటు చాలు. తుపాను వస్తోందంటే బండ్లు లోపలికి వెళ్లిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో చూసిన ఊరికి ఈ సౌకర్యం చిన్నది కాదు.

స్థలం మాత్రం ఇప్పుడే చూసుకోవాలి. రుషికొండ, భీమిలి మధ్య బీచ్ రోడ్డుకు కొండ వైపున ఇంకా కొంత ఖాళీ నేల ఉంది. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఆ దారిలో రేట్లు ఇప్పటికే పైపైకి పోతున్నాయి. బండ్లు కొనేవాళ్లకు రాయితీలు రేపు కూడా ఇవ్వొచ్చు. నాలుగెకరాల ప్రభుత్వ భూమి రేపటికి మిగులుతుందని ఆ దారిలో వెంచర్ల బోర్డులు చూసినవాళ్లెవరూ అనరు.