ప్రశ్నకు పీట వేసే విశ్వాసం

యూదుల పస్కా పండుగ రాత్రి కథ మొదలు కావాలంటే, ముందు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు ప్రశ్న అడగాలి. ఈ రాత్రికీ మిగతా రాత్రులకీ తేడా ఏంటి? పులియని రొట్టె ఎందుకు, చేదు ఆకులు ఎందుకు? ఆ తర్వాతే ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి పూర్వీకులు బయటపడిన కథ చెబుతారు. పిల్లలు లేకపోతే భార్య అడగాలి. ఒంటరివాడైతే తనను తానే అడుక్కోవాలి. శాస్త్రమంతా తెలిసిన ఇద్దరు పండితులే కూర్చున్నా ఒకరినొకరు అడగాల్సిందేనని, పండితుల వాదనలన్నీ కూర్చిన యూదు ధర్మగ్రంథం తాల్ముడ్ చెబుతుంది. జవాబు తెలిసినవాడికి కూడా ప్రశ్న తప్పనిసరి చేసిన ఈ నియమం గురించి, అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మన తెలుగువాళ్లం గట్టిగా ఆలోచించాలని నా అభిప్రాయం.

యూదు మతం మనకు బొత్తిగా పరాయిదేమీ కాదు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తమను పిలుచుకునే తెలుగు కుటుంబాలు చిన్న సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కట్టుకుని, వారాంతపు విశ్రాంతి దినమైన సబ్బాతు పాటిస్తున్నాయి. అయినా మనలో చాలామందికి తెలిసింది బైబిల్ కథలు, లేదంటే ఇజ్రాయెల్ వార్తలు. ఆ రెంటికీ మధ్య దాదాపు రెండు వేల ఏళ్లుగా సాగుతున్న ఒక పెద్ద వాదన ఉంది. అసలు సంగతంతా అక్కడే ఉంది.

తాల్ముడ్‌లో ఒక మట్టి పొయ్యి గురించి గొడవ వస్తుంది. అది మైలపడుతుందా, పడదా? పడదని రబ్బీ (మతగురువు) ఎలియేజరు, పడుతుందని మిగతా పండితులంతా. తన మాటే నిజమైతే ఆ చెట్టే సాక్ష్యం చెప్పాలన్నాడు ఎలియేజరు. చెట్టు లేచి దూరంగా వెళ్లి నిలబడింది. కాలువ నీళ్లు వెనక్కి పారాయి. పాఠశాల గోడలు వంగాయి. చివరికి ఆకాశవాణి కూడా ఆయన పక్షమే పలికింది. అప్పుడు రబ్బీ యెహోషువ లేచి బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండంలో ఉన్న మాటే తిప్పి చెప్పాడు: ‘అది ఆకాశంలో లేదు.’ ధర్మం మనుషుల చేతికి ఇచ్చేశావు, ఇక మెజారిటీ మాటే చెల్లుతుంది అని దానర్థం. అది విని దేవుడు నవ్వి, ‘నా పిల్లలు నన్ను ఓడించారు’ అన్నాడట.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. తర్వాతి భాగం ఇంకా ముఖ్యమని నాకనిపిస్తుంది. గెలిచిన పండితులు ఎలియేజరును వెలివేశారు. ఆ కబురు చెప్పడానికి రబ్బీ అకీవా నల్లబట్టలు కట్టుకుని వెళ్లి, కాస్త ఎడంగా కూర్చున్నాడు. సంగతి అర్థమై ఎలియేజరు బట్టలు చించుకుని, నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ దుఃఖానికి లోకంలో పంటలు దెబ్బతిన్నాయంటుంది తాల్ముడ్. పైగా ఈ కథ వచ్చేది శుచి నియమాల మధ్య కాదు, మాటలతో మనిషిని నొప్పించడం ఎంత పాపమో చెప్పే చోట. వాదనలో న్యాయం మనవైపు ఉన్నా, ఓడినవాడి పట్ల మన బాధ్యత తీరిపోదు. తమ పెద్దలు చేసిన ఈ తప్పును దాచకుండా గ్రంథంలోనే రాసుకున్నారు చూడండి, అక్కడ నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

అలాగని యూదు సమాజం ప్రతి ప్రశ్ననూ భరించిందని నేననను. 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదులు ఇరవై మూడేళ్ల తత్వవేత్త స్పినోజాను వెలివేశారు. 1945లో న్యూయార్క్‌లో రబ్బీ మొర్దెకై కప్లాన్ కొత్త ప్రార్థనల పుస్తకం తెస్తే, సనాతన రబ్బీల సంఘం ఒకటి ఆయనను బహిష్కరించింది. ఆ సభలో పుస్తకాన్ని తగలబెట్టారు కూడా.

అన్నిటికంటే కఠినమైన ప్రశ్న అరవై లక్షల మంది యూదులను నాజీలు చంపిన తర్వాత వచ్చింది. దేవుడు ఎక్కడున్నాడు? రిచర్డ్ రూబెన్‌స్టీన్ 1966లో, చరిత్రను నడిపించే దేవుణ్ణి ఇక నమ్మలేమన్నాడు. ఎలియేజర్ బెర్కోవిట్స్ మాత్రం, మనిషికి నిజంగా స్వేచ్ఛ ఉండాలంటే దేవుడు కొంత మరుగున ఉండక తప్పదన్నాడు. సజీవంగా కాలిపోతున్న పిల్లల ఎదుట నిలబడి చెప్పలేని మాట దేవుడి గురించి ఎప్పుడూ చెప్పకూడదన్నాడు ఇర్వింగ్ గ్రీన్‌బర్గ్. ముగ్గురూ రబ్బీలే. మనలో ఎవరింట్లోనైనా చిన్న వయసులో చావు జరిగితే, పరామర్శకు వెళ్లి ‘అంతా కర్మ’ అనేస్తాం. గ్రీన్‌బర్గ్ మాట తెలిశాక ఆ ఒక్క మాట నా నోటికి రావడం లేదు.

ప్యూ అనే పరిశోధన సంస్థ 2020 సర్వేలో, బైబిల్ వర్ణించిన దేవుణ్ణి నమ్ముతామన్న అమెరికా యూదులు దాదాపు నాలుగో వంతే. సగం మంది వేరే ఏదో శక్తిని నమ్ముతామన్నారు. అయినా ఆచారాలు మిగిలే ఉన్నాయి. తండ్రి పోతే కొడుకు కద్దిష్ అనే ప్రార్థన చదువుతాడు. చాలా సినగాగుల్లో ఇప్పుడు కూతుళ్లూ చదువుతున్నారు. అందులో చావు మాటే ఉండదు, అంతా దైవస్తుతే. కానీ కనీసం పదిమంది లేనిదే అది చదవకూడదు. పదకొండు నెలల పాటు, నమ్మకం ఉన్న రోజూ లేని రోజూ, దుఃఖంలో ఉన్నవాడి పక్కన పదిమంది నిలబడాలి. సందేహం తీరాకే రమ్మని ఎవరూ అనరు.

మన దగ్గర ఏం జరుగుతోంది? ‘దేవుడు నిజంగా ఉన్నాడా?’ అని పిల్లవాడు అడిగితే, ‘తప్పు, కళ్లు పోతాయి’ అంటాం. కాస్త చదువుకున్నవాళ్లమైతే గుడిగంటకూ బొట్టుకూ తులసికోటకూ సైన్స్ కారణాలు వెతుకుతాం. రెండోది ఇంకా ప్రమాదం. ఇంటర్నెట్‌లో రెండు నిమిషాలు చూస్తే ఆ కారణం తప్పని పిల్లలకు తెలిసిపోతుంది, దాంతో మన మాట మీదే నమ్మకం పోతుంది. సాక్షాత్తు యముణ్ణే నిలదీసిన నచికేతుడి కథ మనదే. మనం మాత్రం దాన్ని పిల్లలకు శ్లోకంగా కంఠస్థం చేయించి పోటీలు పెడుతున్నాం.

మన సంఘం వారాంతపు తరగతుల్లో నెలకో గంట ప్రశ్నలకే కేటాయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ముందే సిద్ధం చేసిన జవాబులు వద్దు, బహుమతులూ వద్దు. హైస్కూలు పిల్లలు అడగాలి, తల్లిదండ్రులూ కూర్చోవాలి, జవాబు తెలియకపోతే తెలియదని చెప్పాలి. నమ్మకం లేదని చెప్పిన పిల్లవాణ్ణి కూడా మరుసటి వారం హారతికి పిలవాలి.